అంపశయ్య దగ్గరికి వచ్చిన వైద్యులు

బోరబండ సైట్-3 వైపు చాలా ఇళ్లకు మధ్య గోడ ఒక్కటే. ఒకింట్లో మిక్సీ వేస్తే పక్కింట్లో మోగుతుంది. క్యాన్సర్ ముదిరిన మనిషి ఉన్న ఇంటి నుంచి రాత్రిపూట మూలుగు కూడా అలాగే గోడ దాటి వస్తుంది. తెల్లారి వాకిట్లో నలుగురు కలిస్తే మాట దాని మీదికే పోతుంది. "పోయిన జన్మల ఏం పాపం చేసిండో, ఇంత గోస పడుతున్నడు" అంటుంది ఒకామె. "సబర్ చేయాలె బేటా, అల్లా చూస్తున్నడు" అంటుంది పక్కింటి పెద్దమ్మ. "ప్రభువు తనకు ఇష్టమైనోళ్లనే పరీక్షిస్తడు" అంటుంది చర్చికి పోయే అక్క. ముగ్గురి గొంతులోనూ జాలే ఉంది. ముగ్గురి తీర్పూ ఒక్కటే: నొప్పి పైనుంచి వచ్చింది, కిందున్నవాళ్లు ఓర్చుకోవాలి.

ఆ 'పైన' అన్నది ఎంత ఎత్తున ఉందో తేల్చాలంటే ఒక లెక్క చూడాలి.

1985 నాటికి మన దేశంలో నొప్పి తగ్గించడానికి వైద్యంలో వాడే మార్ఫిన్ ఏడాదికి ఆరు వందల కిలోల దాకా ఉండేది. 1997 వచ్చేసరికి అది 18 కిలోలకు పడిపోయింది. నూటికి తొంభై ఏడు వంతులు పోయాయి. 18 కిలోలంటే పది మిల్లీగ్రాముల మాత్రలు 18 లక్షలు. ముదిరిన క్యాన్సర్ నొప్పికి నాలుగు గంటలకొక మాత్ర చొప్పున రోజుకు ఆరు వేసుకుంటే, అవి మూడు నెలల పాటు సరిపోయేది సుమారు 3,300 మందికి. అప్పటికే దేశ జనాభా తొంభై కోట్లు దాటింది.

ఆ పన్నెండేళ్లలో క్యాన్సర్ తగ్గలేదు. గత జన్మల పాపాలు పన్నెండేళ్లలో ముప్పై రెట్లు పెరిగాయని ఏ శాస్త్రమూ చెప్పదు. మారింది చట్టం. 1985లో మాదక ద్రవ్యాల నియంత్రణ చట్టం వచ్చింది. అందరూ ఎన్డీపీఎస్ అని పిలిచేది దాన్నే. చాలా నేరాలు రుజువైతే కనీసం పదేళ్ల కఠిన శిక్ష అని రాశారు. నాలుగేళ్లు తిరగకుండానే, కొన్ని నేరాలు రెండోసారి చేసినవారికి ఉరిశిక్ష దాకా చేర్చారు. నిజానికి వైద్యానికి, పరిశోధనకు ఆ చట్టంలోనే మినహాయింపు ఉంది. కానీ అప్పట్లో అమలు నిబంధనలు రాష్ట్రాలవి. దగ్గర ఉంచుకోవడానికి ఒక లైసెన్సు, తెప్పించుకోవడానికి ఒక అనుమతి, పంపే రాష్ట్రం నుంచి ఇంకొకటి, దారిలో తీసుకురావడానికి మరొకటి. అన్నీ ఒకేసారి చెల్లుబాటులో ఉంటేనే సరుకు కదిలేది. ఒకటి చేతికొచ్చేసరికి ఇంకొకదాని గడువు తీరిపోయేది. కాగితంలో చిన్న తేడా వచ్చినా జైలే అనుకున్న ఆసుపత్రులు మార్ఫిన్ పేరెత్తడమే మానేశాయి. ఆ పన్నెండేళ్లలో చదువుకున్న డాక్టర్లలో చాలామంది మార్ఫిన్ మాత్రను చేత్తో పట్టుకోకుండానే పట్టా పుచ్చుకున్నారు.

ఇంకో విడ్డూరం ఉంది. మార్ఫిన్ తీసేది నల్లమందు నుంచే. ప్రపంచంలో చట్టబద్ధంగా నల్లమందు పండించి ఎగుమతి చేసే దేశం మనదే. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో లైసెన్సున్న రైతులు గసగసాల మొక్క వేస్తారు. పచ్చికాయకు గాటు పెడితే కారే పాలు ఎండి నల్లమందు అవుతుంది. అది నీమచ్, ఘాజీపూర్‌లలోని ప్రభుత్వ కర్మాగారాలకు చేరుతుంది. అదే కాయలోని గింజలు మాంసం కూరలోకి మసాలా నూరే ఏ వంటింటికైనా చేరతాయి. బోరబండ కిరాణా కొట్లో గసగసాలు అడిగితే పొట్లం కట్టి ఇస్తారు. కాయ గింజకు దొరికిన దారి కాయ పాలకు దొరకలేదు.

అన్ని రాష్ట్రాలూ ఒకేలా పడిపోలేదు, ఒకేలా లేవలేదు. కేరళలో 1993లో కాలికట్ వైద్య కళాశాల ఆవరణలో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేశ్ కుమార్ వంటివారు నొప్పి తగ్గించే పని మొదలుపెట్టారు. అది వీధివీధికీ పాకిన స్వచ్ఛంద ఉద్యమమైంది. 1998లో కేంద్రం నిబంధనలను సులభం చేస్తూ ఒక నమూనా రాసి రాష్ట్రాలకు పంపితే, ముందుగా అందుకున్నవాటిలో కేరళ ఒకటి. 2008లో పాలియేటివ్ (ఉపశమన) సేవలకు ప్రత్యేక విధానాన్నే ప్రకటించింది. చాలా రాష్ట్రాల్లో ఆ నమూనా కాగితం ఏళ్ల తరబడి బల్ల మీదే ఉండిపోయింది. ఒకే రోగం, ఒకే మందు, ఒకే దేశం. సరిహద్దు దాటితే గోస మారిపోయేది. కర్మకు రాష్ట్ర సరిహద్దులు తెలుసా అన్న ప్రశ్నకు ఏ వేదాంతి దగ్గరా జవాబు ఉండదు. ఎక్సైజు శాఖ గుమాస్తా దగ్గర మాత్రం ఉండేది.

అయినా వాకిట్లో ముగ్గురు అన్న మాటలను మూఢనమ్మకమని కొట్టేస్తే సరిపోదు. ఓర్పును గొప్ప గుణమని నేర్పని మతం లేదు. శంకరాచార్యుల పేరిట ప్రసిద్ధమైన వివేకచూడామణి మోక్షం కోరేవాడికి ఉండాల్సిన ఆరు సంపదల్లో తితిక్షను చేర్చింది. వచ్చిన కష్టానికి విరుగుడు వెతకకుండా, దాని గురించి చింతించకుండా, ఏడవకుండా సహించడమే తితిక్ష అని దాని భావం. 'విరుగుడు వెతకకుండా' అన్న మాట దగ్గర మార్ఫిన్ కోసం వాదించేవాడు ఆగి ఆలోచించాల్సిందే.

రమణ మహర్షి కథను కూడా ఈ పక్షానే చెబుతారు. ఎడమ మోచేతి దగ్గర పుట్టిన క్యాన్సర్ గడ్డతో ఆయన ఏడాదికి పైగా గడిపి 1950 ఏప్రిల్ 14న దేహం చాలించారు. నొప్పి దేహానిదే తప్ప తనది కాదన్నట్టు ఉన్నారని భక్తులు తలుచుకుంటారు. అయితే అదే కథలో ఇంకో సగం ఉంది. ఆయన నాలుగుసార్లు శస్త్రచికిత్సకు ఒప్పుకున్నారు, చెయ్యి తీసేస్తామంటే మాత్రం వద్దన్నారు. దేనికి ఒప్పుకోవాలో, దేన్ని వద్దనాలో నిర్ణయం ఆయన చేతిలోనే ఉంది. డాక్టర్లు వచ్చారు, అడిగారు, ఆయన చెప్పారు.

తితిక్ష మోక్షార్థి తనంత తాను పూనుకునే సాధన. వివేకచూడామణి దాన్ని శిష్యుడి లక్షణంగా చెప్పిందే గానీ పక్కింటివాడికి రాసిచ్చే మందుచీటీగా చెప్పలేదు. వెన్నెముకకు క్యాన్సర్ పాకిన తాపీమేస్త్రి తెల్లవార్లూ గోడకు తల బాదుకుంటుంటే దానికి తితిక్ష అని పేరు పెట్టడం, తిండి దొరకక పస్తున్నవాడు ఏకాదశి ఉపవాసం చేస్తున్నాడని మెచ్చుకోవడం లాంటిది.

మహాభారతంలో ఈ సంగతి ఇంతకన్నా స్పష్టంగా ఉంది. నొప్పికి తెలుగువాడు ఎంచుకున్న అతి పెద్ద పోలిక అంపశయ్య. ఒళ్లంతా బాణాలు దిగి, నేలకు తగలకుండా వాటి మీదే పడుకుని, ఉత్తరాయణం కోసం ఎదురుచూసిన భీష్ముడు ఓర్పుకు ఆనవాలు. ఆ ఘట్టంలో జనం మరచిపోయేది ఒకటుంది. భీష్ముడు పడిన తర్వాత దుర్యోధనుడు బాణాలు పీకడంలో ఆరితేరిన వైద్యులను వెంటబెట్టుకుని వచ్చాడు. మందులూ పరికరాలూ సిద్ధంగా ఉన్నాయి. భీష్ముడు వాళ్లకు తగిన సత్కారం చేసి పంపేయమన్నాడు. క్షత్రియుడిగా తాను కోరుకున్న స్థితి ఇదేనన్నాడు. వైద్యులు వచ్చారు కాబట్టే ఆయన వద్దనగలిగాడు. వాళ్లు రాకపోయి ఉంటే అది వ్రతం అయ్యేది కాదు, దిక్కులేనితనం అయ్యేది.

క్రైస్తవ కథలో కూడా అచ్చం ఇలాంటి ఘట్టమే ఉంది. మార్కు సువార్త ప్రకారం సిలువ వేసే ముందు యేసుకు బోళం కలిపిన ద్రాక్షారసం ఇవ్వబోయారు, ఆయన పుచ్చుకోలేదు. పుచ్చుకోకపోవడం గురించి ఎన్నో ప్రసంగాలు వినిపిస్తాయి. మరణశిక్ష పడ్డవాడికి సైతం ఆ గిన్నె ఎదురుగా పెట్టారన్న సంగతి మీద ప్రసంగాలు తక్కువ. 1957 ఫిబ్రవరిలో మత్తువైద్యులు అడిగిన ప్రశ్నకు పోప్ పన్నెండో పియుస్ జవాబిచ్చారు. వేరే దారి లేనప్పుడు, ఉద్దేశం నొప్పి తీయడమే అయినప్పుడు, తెలివి మందగించినా, ఆయుష్షు కొంత తగ్గే అవకాశం ఉన్నా మత్తుమందు ఇవ్వవచ్చని అన్నారు. పదమూడో శతాబ్దంలో థామస్ అక్వినాస్ ఆత్మరక్షణ గురించి చేసిన చర్చలోంచి పెరిగిన ఆలోచన అది: ఒక పనికి రెండు ఫలితాలు ఉండొచ్చు, మనిషి దేన్ని ఉద్దేశించాడన్నది ముఖ్యం. ఇస్లాంలో మత్తు నిషిద్ధం. అయినా తప్పనిసరి అవసరం నిషేధాన్ని సడలిస్తుందన్నది ఫిఖ్ అనే ఇస్లామీ ధర్మశాస్త్రంలో పాత సూత్రమే. ముల్లు గుచ్చుకున్నా విశ్వాసి పాపాలు కొన్ని రాలిపోతాయని చెప్పిన హదీసులే, దేవుడు మందు లేకుండా ఏ రోగాన్నీ దింపలేదని కూడా చెబుతాయి. పెద్దమ్మ చెప్పిన సబర్‌కు రెండో హదీసు అడ్డం రాదు.

కర్మ సిద్ధాంతానికి కూడా జవాబు లోపలి నుంచే ఉంది. చరక సంహిత విమానస్థానంలో దైవానికీ పురుషకారానికీ తూకం వేస్తారు. వెనకటి జన్మలో చేసింది దైవం, ఈ జన్మలో చేసేది పురుషకారం. బలమైనది బలహీనమైనదాన్ని గెలుస్తుంది. అంతా ముందే రాసిపెట్టి ఉంటే మంత్రాలూ ఓషధులూ ఎవరికీ అక్కర్లేదు కదా అని ఆ గ్రంథమే ప్రశ్న వేసుకుంటుంది. వైద్యుడు కర్మకు అడ్డుపడుతున్నాడన్న వాదానికి మన వైద్యశాస్త్రం పుట్టుకలోనే చోటివ్వలేదు.

ఇక మిగిలింది అన్నిటికన్నా బరువైన శంక. చాలా కుటుంబాలు డాక్టర్ ముందు దీన్ని బయటికి అనవు. మార్ఫిన్ ఇస్తే మనిషి మత్తులో ఉంటాడు కదా, ప్రాణం పోయే వేళ రామనామం ఎలా తలుస్తాడు? చివరి క్షణంలో ఏ తలపు ఉంటే ఆ గతి కలుగుతుందని భగవద్గీత ఎనిమిదో అధ్యాయం చెబుతోంది. ముస్లిం ఇంట్లో అదే భయం కలిమా అనే విశ్వాస వాక్యం గురించి ఉంటుంది. మత్తులో పోయినవాడు నోరారా దేవుణ్ని పిలవలేకపోతే, ఆ లోటు మందిచ్చిన కొడుకుదా?

దీనికి మళ్లీ భీష్ముడి దగ్గరికే వెళ్లాలి. యుద్ధం ముగిశాక కృష్ణుడు ధర్మరాజును వెంటబెట్టుకుని అంపశయ్య దగ్గరికి వచ్చి, ధర్మాలన్నీ ఇతనికి బోధించమని భీష్ముణ్ని అడిగాడు. శాంతిపర్వంలో భీష్ముడు ఇచ్చిన జవాబు సారాంశం ఇది: బాణాల మంటతో ఒళ్లు కాగిపోతోంది, మనసు నిలవడం లేదు, మాట కుదరడం లేదు, నేనేం చెప్పగలను? వైద్యులను వెనక్కి పంపిన మనిషే ఈ మాటన్నాడు. అప్పుడు కృష్ణుడు ఓర్చుకొమ్మనలేదు. నొప్పి, మంట, సొమ్మ, ఆకలిదప్పులు నిన్ను బాధించకుండుగాక అని వరమిచ్చాడు. తెలివి తేటపడుతుందన్నాడు. రాజధర్మాలూ మోక్షధర్మాలూ ఆ తర్వాతే మొదలయ్యాయి. విష్ణు సహస్రనామం కూడా ఆ తర్వాత ఆ నోటి నుంచే వచ్చింది.

నొప్పి తీరకముందు ఇచ్ఛామరణం ఉన్నవాడికే బుద్ధి నిలవలేదు. నాలుగు గంటలకోసారి సరైన మోతాదులో మార్ఫిన్ పడిన రోగుల్లో జరిగేది ఎక్కువగా ఇదే. మొదటి రెండు మూడు రోజులు మగతగా ఉంటుంది, తర్వాత తగ్గుతుంది. నెలల తరబడి నిద్రకు మొహం వాచిన మనిషి నిద్రపోతాడు. లేచి కూర్చుంటాడు, మనవరాలి పేరు పెట్టి పిలుస్తాడు. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ (చివరి రోజుల రోగుల సంరక్షణ కేంద్రం) నెలకొల్పిన సిసిలీ సాండర్స్ పట్టుబట్టింది దీని కోసమే. నొప్పి వచ్చాక కాకుండా గడియారం చూసి మందివ్వాలని, నోటి ద్వారా ఇవ్వాలని, ఒంటి నొప్పితో పాటు మనసునూ సంసారాన్నీ దేవుడితో తగాదానూ కలిపి ఒకే నొప్పిగా చూడాలని ఆమె నేర్పారు. బుద్ధుడు చెప్పిన రెండు బాణాల పోలిక ఇక్కడ పనికొస్తుంది. మొదటిది ఒంటికి తగిలేది, రెండోది దాని మీద మనసు వేసుకునేది. రెండో బాణం తీయడం సాధకుడి పని. మొదటిదాన్ని తీయగలిగీ తీయకుండా రెండోదాని గురించి ఉపన్యాసం చెప్పడం ఎవరి పనీ కాదు.

ఇదంతా విన్న తర్వాత కూడా చట్టం చేసినవాడి భయం ఉత్తిదేనని అనలేం. అమెరికాలో 1996లో ఆక్సీకాంటిన్ అనే ఓపియాయిడ్ (మార్ఫిన్ తరహా మందు) మాత్ర వచ్చింది. తయారుచేసిన పర్డ్యూ కంపెనీ దానికి అలవాటుపడే ప్రమాదం తక్కువని ప్రచారం చేసింది. 2007లో తప్పుదోవ పట్టించామని కోర్టులో ఒప్పుకుంది. ఈలోగా వెన్నునొప్పికీ పంటినొప్పికీ కూడా ఇలాంటి మాత్రలు రాయడం పరిపాటైంది. 2012లో అక్కడ ఓపియాయిడ్ చీటీలు 25 కోట్లు దాటాయి. ఆపైన పగ్గాలు వేస్తే 2020కి 14 కోట్ల దగ్గరకు దిగాయి. ఈలోగా లక్షల ప్రాణాలు పోయాయి. పగ్గం మరీ బిగిసి, నిజమైన నొప్పి ఉన్నవాళ్ల మందు ఒక్కసారిగా కోసేయడంతో వాళ్లూ నలిగారు. అందుకే అక్కడి డాక్టర్లకు 2016లో ఇచ్చిన మార్గదర్శకాలను 2022లో సడలించాల్సి వచ్చింది. అక్కడ ప్రాక్టీసు చేసే తెలుగు డాక్టర్లు వాడకం తగ్గిందంటే ఊపిరి పీల్చుకుంటారు. ఇక్కడ అదే మాటకు అర్థం వేరు. 2017 నాటి లాన్సెట్ కమిషన్ లెక్కలో అమెరికాకు అందుతున్న ఓపియాయిడ్లు అవసరానికి ముప్పై రెట్లు. భారతదేశానికి అందుతున్నవి అవసరంలో నూటికి నాలుగు వంతులు.

గట్టి చట్టం వల్ల మత్తు తగ్గిందా అంటే అదీ లేదు. ఎయిమ్స్ జాతీయ సర్వే 2019లో తేల్చిన ప్రకారం దేశంలో పది నుంచి డెబ్బై ఐదేళ్ల లోపువారిలో నూటికి ఇద్దరు ఏదో ఒక రూపంలో ఓపియాయిడ్లు వాడుతున్నారు. అందులో పెద్ద వాటా హెరాయిన్‌ది. హెరాయిన్ అమ్మేవాడు లైసెన్సుల కోసం ఏ ఆఫీసు మెట్లూ ఎక్కలేదు. ఎక్కినవాడు ఆసుపత్రి ఫార్మసిస్టు. చట్టం పట్టుకున్నది దొరికేవాడినే. ట్రమడాల్ అనే నొప్పి మాత్ర కథ దీనికి తిరగేసి ఉంటుంది. 2018 ఏప్రిల్ దాకా అది ఎన్డీపీఎస్ పరిధిలో లేదు, మందుల దుకాణాల్లో తేలిగ్గా దొరికేది. మనదేశపు ట్రమడాల్ పశ్చిమాఫ్రికా వీధుల దాకా పోయి అక్కడి కుర్రాళ్లను ముంచింది. కంచె కావాలి. ఏ పక్క మేక ఉందో, ఏ పక్క చేను ఉందో చూసుకుని వేయాలి.

2014లో పార్లమెంటు ఆ కంచెను కొంత జరిపింది. మార్ఫిన్‌తో కలిపి ఆరు మందులను అత్యవసర మాదక ఔషధాలుగా గుర్తించి, దేశమంతటా ఒకే నిబంధన ఉండేలా చట్టాన్ని సవరించింది. అనేక లైసెన్సుల స్థానంలో, గుర్తింపు పొందిన వైద్య సంస్థకు ఒకే అనుమతి చాలన్నారు. అదే ఏడాది జూన్‌లో తెలంగాణ ఏర్పడింది. కొత్త రాష్ట్రం జిల్లాల్లో పాలియేటివ్ కేంద్రాలు తెరిచి, మంచం పట్టినవాళ్ల ఇళ్లకు వాహనంలో నర్సులను పంపే ఏర్పాటు చేసింది. దానికి 'ఆలన' అని పేరు పెట్టారు. పసిబిడ్డకు వాడే మాటను చివరి రోజుల మనిషికి వాడడం ఆ పేరు పెట్టినవారి చలవ.

నగరంలో ఈ పనికి అంతకుముందే వేళ్లున్నాయి. లక్డీకాపూల్ దగ్గర రెడ్‌హిల్స్‌లో మెహదీ నవాజ్ జంగ్ పేరున్న, 1955 నుంచి నడుస్తున్న క్యాన్సర్ ఆసుపత్రిని జనం ఎంఎన్‌జె అంటారు. అక్కడ డాక్టర్ గాయత్రి పాలాట్ ఆధ్వర్యంలో నొప్పి నివారణ విభాగం పెరిగి పెద్దదైంది. 2011లో బంజారాహిల్స్ రోటరీ వారి ట్రస్టు స్పర్శ్ హాస్పిస్ తెరిచింది. అక్కడ రోగి దగ్గర డబ్బు తీసుకోరు.

బోరబండ నుంచి ఎంఎన్‌జెకు దారి కష్టమైనది కాదు. బోరబండ స్టేషన్‌లో ఎంఎంటీఎస్ ఎక్కితే భరత్‌నగర్, బేగంపేట, ఖైరతాబాద్ మీదుగా లక్డీకాపూల్‌లో దిగొచ్చు. ఎర్రగడ్డలో మెట్రో ఎక్కితే అమీర్‌పేట, పంజాగుట్ట దాటి అదే లక్డీకాపూల్. ఓపీలో డాక్టరమ్మ ముందు అడిగేది నొప్పి పేరు. పోటా, సలుపా, తీపా, మంటా, గుంజుడా? తెలుగులో ఇన్ని మాటలు ఉండడం అక్కడ నిజంగా పనికొస్తుంది. మంట, కరెంటు కొట్టినట్టు ఉండడం నరాల నొప్పికి గుర్తు. దానికి మార్ఫిన్ ఒక్కటే చాలదు, వేరే మాత్ర జతచేయాలి. మార్ఫిన్ రాస్తే మలబద్ధకానికి మందు దానితోపాటే రాయాలి. రాత్రి పడుకునేటప్పుడు రెండు మాత్రలు ఒకేసారి వేస్తే, అర్ధరాత్రి మోతాదు కోసం ఇంట్లో ఎవరూ లేవనక్కర్లేదు.

"మార్ఫిన్ మొదలుపెట్టిన్రంటే ఇగ అయిపోయినట్టేనా మేడమ్?" అని కొడుకు అడుగుతాడు. దాదాపు ప్రతి కొడుకూ అడుగుతాడు. కాదని, ఈ మాత్ర మీద నెలలూ ఏళ్లూ గడిపేవాళ్లున్నారని ఆవిడ చెబుతుంది. తండ్రి మాత్రం వేరే సంగతి అడుగుతాడు. వేసుకోనంటే కోపమొస్తదా అని. రాదు. పొట్లం ఇంట్లో ఉంచుకో, వేసుకోవాలనిపించినప్పుడు వేసుకో, వద్దనుకుంటే తెచ్చి ఇచ్చెయ్యి.

అలా తిరిగొచ్చే పొట్లాలు ఉంటాయి. చాలావరకు మనిషి పోయాక, కర్మకాండలు ముగించుకుని ఇంట్లోవాళ్లు తెచ్చి ఇచ్చేవి. నర్సు మాత్రలు లెక్కపెట్టి, రిజిస్టరులో అంకె వేసి, వాళ్ల చేత సంతకం పెట్టించుకుంటుంది. అప్పుడప్పుడు లెక్కపెడుతూనే అడుగుతుంది, ఆఖరి రాత్రి నిద్రపోయాడా అని.